కడిగిన తొట్టె

ప్రశ్న అడిగినవాళ్ళకి పని అప్పగించడం సువార్తమ్మగారి అలవాటు. ఏలూరు నర్సింగు స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు సిస్టర్ ట్యూటర్‌గా పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. అన్నేళ్ళలోనూ ఏ ప్రశ్నకీ నోటితో జవాబు చెప్పిన పాపాన పోలేదని ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చెప్పుకుంటారు. శవమంటే భయం ఎలా పోతుందని అడిగిన మొదటేడాది పిల్ల చేతికి మార్చురీ తాళంచెవి, ఒక కొత్త బల్బు ఇచ్చి, మాడిపోయినదాన్ని మార్చి రమ్మంది. రోగి తిడితే ఎలా ఓర్చుకోవాలని అడిగిన ఇంకో పిల్లని వారం రోజులు గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన నిలబెట్టి, వేళకాని వేళ వచ్చిన చుట్టాలకి సమాధానం చెప్పించింది. రిటైరయ్యాక కూడా పాత స్టూడెంట్లు ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ వరండాలో చేరేవారు. కష్టాలు చెప్పుకుని, ఏదో ఒక పని నెత్తిన వేసుకుని వెళ్ళేవారు. కొందరికి ఆ పనిలో జవాబు దొరికేది. కొందరికి పని మాత్రమే మిగిలేది.

మార్చి నెలలో ఒక ఆదివారం సుభాషిణి వచ్చింది. ఆవిడ దగ్గర చదివి పదిహేడేళ్ళయింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆమె సర్దిన ట్రాలీని సర్జన్లు రెండోసారి చూసుకోరని పేరు. తమ్ముళ్ళ చదువులు, తండ్రి పక్షవాతం అన్నీ ఒడ్డెక్కించేసరికి ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి. అప్పుడు భాస్కరాన్ని చేసుకుంది. భాస్కరం కరెంటాఫీసులో సీనియర్ అసిస్టెంటు, నెమ్మదస్తుడు. మొదటి భార్య పద్మజ కామెర్లతో పోయింది. కూతురు లహరికి పదకొండేళ్ళు. సుభాషిణి ఆ ఇంటికి వెళ్ళి ఎనిమిది నెలలు.

వరండాలో ఒక మూల సువార్తమ్మగారి చేపల తొట్టె ఉండేది. అద్దాలకి పచ్చటి పాకుడు, అడుగున నల్లటి మడ్డి, ఒక పక్క బుడగలు వదిలే గాలి మోటారు, దాని కింద తారు ముద్దలాంటి ఫిల్టరు స్పాంజి. అందులో చేపలు మాత్రం బొద్దుగా, తాపీగా తిరిగేవి. ఆ తొట్టెని చూసినప్పుడల్లా సుభాషిణికి చేతులు దురద పెట్టేవి. ఈసారి దానికి వీపు పెట్టి కూర్చుంది.

"మేడమ్, ఇల్లు అద్దంలా పెట్టాను. పిల్లని ఒక్క మాట అనలేదు. అయినా అది ఆ ఇంట్లో నిలవలేకపోతోంది. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?"

"నిలవలేకపోవడమంటే?"

"నోరు విప్పదు. 'ఊ', 'వద్దు', 'ఆకలి లేదు', ఈ మూడే మాటలు. స్కూల్లో తింటుంది, పక్కింట్లో తింటుంది, నా చేతి ముద్ద మాత్రం దిగదు. పరీక్షలైన మర్నాడు తెనాలి నుంచి వాళ్ళమ్మమ్మ వస్తోంది. పిల్ల సరేనంటే అక్కడే స్కూల్లో వేస్తానంటోంది. ఈయన్ని అడిగితే 'దాని ఇష్టం' అంటారు. దాని ఇష్టమేమిటో కనబడుతూనే ఉందిగా. ఇంకా మూడు వారాలుంది. సవతి కూతుర్ని తరిమేసిందని నలుగురూ అంటారని కాదు మేడమ్. నాకా పిల్ల కావాలి."

"వెళ్ళగానే ఇంట్లో ఏం చేశావు?"

ఇది అడిగినందుకు సుభాషిణికి సంతోషమే వేసింది. చెప్పుకోదగ్గ పనే చేసింది మరి. రెండేళ్ళు ఆడదిక్కు లేకుండా పడి ఉన్న కొంప అది. బూజులు దులిపింది. పద్మజ చీరలు ఉతికి, ఇస్త్రీ చేయించి, అనాథాశ్రమానికి ఇచ్చింది. అటక మీద ఆవిడ పట్టిన ఆవకాయ జాడీ ఉంటే, అడుగున మిగిలిందాన్ని పారబోసి, జాడీని వేణ్ణీళ్ళతో కడిగి బోర్లించింది. దువ్వెనలు, సగం అయిన పౌడరు డబ్బా, అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళలు, అన్నీ తీసేసింది. వంటింటి గుమ్మానికి, ప్రతి పుట్టినరోజుకీ పిల్ల ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలుంటే వాటిమీద రంగు వేయించింది. నల్లగా అట్టలు కట్టిన ఇనప పెనాన్ని సోడా వేసి, పీచు అరిగేదాకా తోమి, కొత్త రూపాయిలా మెరిపించింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. భాస్కరం కూడా, ఇన్నాళ్ళకి ఇల్లు ఇల్లులా ఉందన్నాడు.

"చూసినప్పుడల్లా పిల్లకి తల్లి గుర్తొస్తుందని చేశాను మేడమ్. పాత గుడ్డ తియ్యకుండా పుండుకి కొత్త కట్టు కట్టం కదా."

"కట్టం," అంది సువార్తమ్మగారు. కాసేపు తన చేపల వంక చూసింది. తర్వాత, "మా వీధి చివర డాక్టరుగారి కుటుంబం వైజాగు వెళ్ళిపోతోంది. వాళ్ళింట్లో నాలుగడుగుల చేపల తొట్టె ఉంది. పన్నెండేళ్ళు నడిచిన తొట్టె. పట్టుకెళ్ళి మీ హాల్లో పెట్టు. పిల్లని కూడా వెంటబెట్టుకెళ్ళు," అంది.

"నేనడిగినదానికీ తొట్టెకీ..."

"ఆటో ట్రాలీవాడి నంబరు చెప్తాను, రాసుకో."

మర్నాడు సాయంత్రం వెళ్ళారు. డాక్టరుగారింట్లో సామాను సగం అట్టపెట్టెల్లోకి ఎక్కింది. హాల్లో ఆ తొట్టె ఒక్కటే కదలకుండా ఉంది. చేపల్ని బంధువులెవరో అంతకుముందు వారమే పట్టుకుపోయారట. అయినా మోటారు ఆగలేదు, ఉత్త నీళ్ళలో బుడగలు లేస్తున్నాయి. డాక్టరుగారి అత్తగారు, డెబ్భై దాటిన ఆవిడ, పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఆ నీళ్ళలో చిటికెడు మేత రాలుస్తోంది.

"చేపల్లేవుగా అవ్వా?" అంది లహరి. ఆ పిల్ల తనంతట తాను మాట్లాడగా సుభాషిణి వినడం అదే మొదలు.

"లేవులే. అలా అని పస్తు పెడతామా?" అంది ముసలావిడ.

సుభాషిణి డాక్టరుగారి భార్య వంక చూసింది. ఆవిడ మొహమాటంగా నవ్వింది. పెద్దావిడకి మతి కాస్త అటూ ఇటూగా ఉందన్నమాట, అనుకుంది సుభాషిణి.

నీళ్ళు తోడారు. నలుగురు మనుషులు తొట్టెని ఎత్తి ట్రాలీలో పాత దుప్పట్ల మీద పెట్టారు. బయల్దేరబోతుంటే ముసలావిడ ఒక మూత బకెట్టు ఈడ్చుకొచ్చింది. అందులో టీ డికాక్షన్ రంగు నీళ్ళు. ఆ నీళ్ళలో నల్లటి స్పాంజి.

"ఇవి కూడా పట్టుకెళ్ళమ్మా. పారబొయ్యకు. స్పాంజిని పిండకు కూడా."

"అలాగేనండి," అంది సుభాషిణి. ఎందుకని అడగలేదు. అడగడానికి అందులో ఏముంది, మురికినీళ్ళు.

దారంతా లహరి ఆ బకెట్టుని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంది. ఆటో గతుక్కుమన్నప్పుడల్లా మూతమీద అరచెయ్యి అదిమింది. ఇంటి ముందు దిగగానే సుభాషిణి బకెట్టు అందుకుని, స్పాంజిని రెండు వేళ్ళతో పైకి తీసి, నీళ్ళు మురిక్కాలవలో కుమ్మరించింది.

"అవ్వ వద్దన్నారు కదా ఆంటీ."

"పెద్దావిడకి తెలీదు నాన్నా. ఈ నీళ్ళలో ఎన్ని క్రిములుంటాయో నీకు తెలుసా?"

"చేపలు అందులోనే ఉన్నాయిగా. అవి చావలేదుగా."

"అలవాటుపడి ఉంటాయి. మనం వాటికి మంచి నీళ్ళిద్దాం."

లహరి కాలవలో ఆ రంగు కలిసిపోయేదాకా చూసి లోపలికి వెళ్ళింది.

రెండు రోజులు సెలవు పెట్టి సుభాషిణి ఆ తొట్టె పని పట్టింది. చేతులకి గ్లవ్సు, మూతికి మాస్కు. అద్దాల మీద పన్నెండేళ్ళ ఉప్పు చారని నిమ్మ ఉప్పుతో నానబెట్టి బ్లేడుతో గీకింది. అడుగున పరిచే గులకరాళ్ళని పెద్ద డేగిసాలో వేసి మరగబెట్టింది. గొట్టాల్లో సన్నటి బ్రష్షు దూర్చింది. ఆఖర్న స్పాంజి. దాన్ని పిండితే మూడు బకెట్ల నల్లనీళ్ళు వచ్చాయి. బ్లీచింగు నీళ్ళలో నానబెట్టింది, పిండింది, మళ్ళీ నానబెట్టింది, మళ్ళీ పిండింది, డాబామీద ఎండలో ఆరేసింది. రెండో రోజు సాయంత్రానికి అది లేత పసుపురంగులోకి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. థియేటర్లో పనిముట్లు ఆవిరిపెట్టి తీసినప్పుడు కలిగే తృప్తి లాంటిది కలిగింది ఆమెకి.

నీళ్ళు నింపి, ఒక రోజు ఊరకుంచి, లహరిని తీసుకుని పవరుపేటలో చేపలమ్మే దుకాణానికి వెళ్ళింది. దుకాణం ఆయన జాగ్రత్తపరుడు. చేతిలో వల పట్టుకునే ప్రశ్నలు వేశాడు.

"తొట్టె కొత్తదాండీ, పాతదా?"

"పాతదే. పన్నెండేళ్ళు చేపలున్న తొట్టె."

"ఫిల్టరు?"

"దానిదే."

"అయితే పండి ఉంటుంది, భయం లేదు. కొత్త తొట్టె అయితే రెంటికి మించి ఇవ్వను నేను."

సుభాషిణి చెప్పిన ప్రతి మాటా నిజమే. లహరి నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆరు బంగారు చేపలు, ఐదు నారింజరంగు చిన్నవి, తోక చిరిగిన ఒక నల్లది, మొత్తం పన్నెండు కవర్లలో ఎక్కాయి. ఆ నల్లదాన్ని కోరి తీసుకుంది లహరి.

ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇల్లు వేరేగా ఉంది. లహరి స్కూలు నుంచి రాగానే సంచీ సోఫాలో పడేసి తొట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. చేపలకి తన క్లాసు పిల్లల పేర్లు పెట్టింది. "ఇది పూజిత, ఎప్పుడూ వెనకాలే ఉంటుంది. ఇది చరణ్‌గాడు, అందరిదీ తినేస్తాడు." నల్లదానికి పేరేమిటని సుభాషిణి అడిగితే, "అది ఒక్కటేగా నల్లగా ఉంది. పేరెందుకు?" అంది. అన్నం కంచం తెచ్చుకుని అక్కడే తింది. రెండో రోజు రాత్రి భోజనంలో పెరుగు మారు అడిగింది. భాస్కరం భార్య వంక చూసి తల దించుకున్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లడం సుభాషిణి చూసీ చూడనట్టు ఊరుకుంది.

మూడో రోజు పొద్దున లహరి అట్టు కావాలంది. సుభాషిణి కొత్తగా కొన్న నాన్‌స్టిక్ పెనం మీద వేసి ఇచ్చింది. పిల్ల సగం తిని, "అంచు కరకరలాడట్లేదు. అమ్మ వేసినట్టు లేదు," అంది. ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా ఎవరూ పలకని మాట అది. సుభాషిణి మనసులో ఏదో వదులైంది. వెంటనే మేకుకి తగిలించిన ఇనప పెనం దింపి పొయ్యి మీద పెట్టింది. మొదటి అట్టు పెనానికి కరుచుకుని ముక్కలైంది. రెండోదీ అంతే. మూడోదాన్ని అట్లకాడతో గీకి తీసి కంచంలో పెట్టేసరికి స్కూలు ఆటో హారను వినబడింది.

నాలుగో రోజు ఒక బంగారు చేప నీళ్ళ పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ నిలబడిపోయింది. మధ్యాహ్నానికి పక్కకి ఒరిగింది. సాయంత్రానికి మూడు అదే వరస పట్టాయి. నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి. సుభాషిణికి తెలిసిన వైద్యం ఒక్కటే. ఎక్కడో శుభ్రం సరిపోలేదు. చేపల్ని బకెట్లోకి మార్చి, తొట్టెనంతా ఖాళీ చేసి, రాళ్ళు మళ్ళీ మరగబెట్టి, స్పాంజిని మళ్ళీ బ్లీచింగులో వేసింది.

"మళ్ళీ కడుగుతున్నారా ఆంటీ?" అంది లహరి గుమ్మం దగ్గర నిలబడి.

"ఏదో మిగిలిపోయి ఉంటుందమ్మా. ఈసారి పూర్తిగా పోతుంది."

ఆరో రోజుకి పూజిత, చరణ్, ఇంకో నలుగురూ పోయారు. భాస్కరం వాటిని పేపర్లో చుట్టి పెరట్లో మందార మొదట్లో పాతిపెట్టాడు. లహరి ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని సుభాషిణికి అనిపించింది. తొమ్మిదో రోజున పదకొండోది తేలినప్పుడు, సుభాషిణి చేతిలో మళ్ళీ బకెట్టు చూసి, ఆ పిల్ల చాలా మామూలుగా అడిగింది.

"ఇవన్నీ అయిపోయాక ఏం కడుగుతారు ఆంటీ?"

వెటకారం కాదది. తెలుసుకుందామనే అడిగింది. సుభాషిణి బకెట్టు కింద పెట్టేసింది. ఆ సాయంత్రం తండ్రి ఫోన్ తీసుకుని లహరి తెనాలికి తనే ఫోను చేసింది. "ఎప్పుడొస్తావు అమ్మమ్మా?" అన్న మాట వంటింట్లోకి స్పష్టంగా వినబడింది.

పరీక్షలైన మర్నాడు లహరి అమ్మమ్మ కోటేశ్వరమ్మగారు వచ్చింది. తగువుకి వచ్చిన మనిషి కాదు. సుభాషిణి ఇచ్చిన కాఫీ తాగింది, బాగుందంది, ఆస్పత్రి పని ఎలా ఉందని అడిగింది. ఎవరినీ తప్పుపట్టలేదు. కాఫీ గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన ఆవిడ అక్కడే ఆగిపోయింది. మేకుకి వేలాడుతున్న పెనాన్ని దింపి, మధ్యలో వేలితో రాసింది.

"దీన్నెవరు తోమారు?"

"నేనేనండి. బాగా నల్లగా ఉంటేనూ..."

"మా అత్తగారిది. నాకిచ్చింది. మా పద్మజ కాపరానికని నేనిచ్చాను." ఆవిడ గొంతు పెరగలేదు. "నలభయ్యేళ్ళ నూనె తల్లీ ఇది. రోజూ తాగింది."

గుమ్మం దాటుతుంటే ఆవిడ ఒక చేతిలో పిల్ల సంచీ, ఇంకో చేతిలో పేపర్లో చుట్టిన పెనం ఉన్నాయి. "నేను మళ్ళీ నూనె పట్టిస్తాలే," అంది. ఎవరితో అన్నదో తెలియలేదు. లహరి వెళ్ళేముందు తొట్టె దగ్గరికి వెళ్ళి, మిగిలిన ఆ ఒక్క నల్ల చేపని అద్దం మీద వేలితో వెంబడించింది. ఆటో ఎక్కాక వెనక్కి తిరిగి చూడలేదు.

ఇల్లు ఖాళీ అయ్యాక సుభాషిణి డ్యూటీకి వెళ్ళింది, వచ్చింది, వండింది. భాస్కరం నోటికి, "దాని ఇష్టం," అన్న మాట కూడా రాలేదు. ఆదివారం పొద్దున తెనాలి నుంచి ఫోను వచ్చింది. తండ్రితో రెండు మాటలు మాట్లాడి, "ఆంటీకి ఇవ్వు," అంది లహరి.

"ఆ నల్లది ఉందా?"

"ఉందమ్మా."

"తింటోందా?"

"కొంచెం కొంచెం."

"సరే," అని పెట్టేసింది పిల్ల.

సుభాషిణి సూటిగా పవరుపేట వెళ్ళింది. ఆ ఒక్కదానికి తోడు ఇంకో పది చేపలు కావాలని అడిగింది. దుకాణం ఆయన పాతవి ఏమయ్యాయని అడిగాడు. జరిగింది చెప్పింది. బ్లీచింగు మాట రాగానే ఆయన చేతిలో వల కింద పెట్టేశాడు.

"పాత తొట్టె అన్నారుగా?"

"పాతదేనండి."

"కాదండీ. మీరు కొత్తదాన్ని చేసేశారు." ఆయనకి కోపంగా లేదు, నీరసంగా ఉంది. "చేపలు విసర్జించిందీ, మిగిలిన మేత కుళ్ళిందీ వాటికి విషం. నీళ్ళు తేటగా కనబడినా అందులో ఉంటుంది. దాన్ని తిని హరాయించుకునే సూక్ష్మజీవులు స్పాంజిలో కాపరం ఉంటాయి. ఆ నలుపంతా అవే. ఏళ్ళ తరబడి పెరిగితే గాని అంత కావు. అవున్నాయని మీకు పన్నెండు ఇచ్చాను. మీరు కడిగేసింది వాటినే."

సుభాషిణికి సూక్ష్మజీవుల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పదిహేడేళ్ళుగా వాటిని చంపడమే ఆమె పని. చంపకూడనివి కూడా ఉంటాయని పుస్తకంలో చదివే ఉంటుంది, పరీక్షలో రాసే ఉంటుంది. దుకాణం మెట్ల మీద నిలబడి, మురిక్కాలవలో కలిసిన ఆ టీ రంగు నీళ్ళనీ, ఉత్త నీళ్ళకి మేత వేస్తున్న ముసలావిడనీ తలుచుకుంది. చేపలేవీ కొనకుండా సువార్తమ్మగారింటికి నడిచింది.

చర్చి నుంచి అప్పుడే వచ్చిన సువార్తమ్మగారు వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సుభాషిణి కూర్చోలేదు.

"మీకు తెలుసు మేడమ్. తెలిసీ చెప్పలేదు."

"ఆ పెద్దావిడ చెప్పిందిగా. విన్నావా?"

"పదకొండు చేపలు చచ్చిపోయాయి. పిల్ల వెళ్ళిపోయింది."

"విన్నాను. భాస్కరం ఫోను చేసి చెప్పాడు." ఆవిడ చేతులు ఆగాయి. "పిల్ల కళ్ళముందే చస్తాయని నేననుకోలేదు. అది నా తప్పు."

తప్పు ఒప్పుకోగా ఆవిడని సుభాషిణి ఎన్నడూ చూడలేదు. తెచ్చుకున్న కోపం చేతుల్లోంచి జారిపోయినట్టయింది. అయినా అడగాల్సింది అడిగింది.

"కంటికి కనబడనిదాన్నే ముందు కడగాలని మీరేగా నేర్పింది?"

"థియేటర్లో కడగమన్నాను. థియేటర్లో ఎవరూ కాపరముండరు."

ఆవిడ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచి, చీర కొంగు బిగించి, తొట్టె దగ్గరికి వెళ్ళింది. చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచి స్పాంజిని పైకి తీసింది. అది కారుతోంది. పాకుడు, మడ్డి, వాన వెలిసిన కాలవ గట్టు వాసన. గూట్లోంచి పాత ఆస్పత్రి కత్తెర అందుకుని, స్పాంజిని నడిమికి కత్తిరించి, ఒక ముక్కని మళ్ళీ తొట్టెలో పెట్టింది. రెండో ముక్కని పాలిథిన్ కవర్లో వేసి, దాని నీళ్ళే రెండు గ్లాసులు పోసి, సుభాషిణి చేతికిచ్చింది.

కవరు వెచ్చగా, బరువుగా ఉంది. దాని అడుగున సన్నటి చిల్లు ఉన్నట్టుంది, నల్లటి నీరు సుభాషిణి మణికట్టు మీదుగా జారి చీర కుచ్చెళ్ళ మీద పడింది. ఆమె తనకి తెలియకుండానే వరండా చివర కుళాయి దగ్గరికి నడిచింది. ఎడమ చేత్తో కవరు పట్టుకుని, కుడి చేత్తో కుళాయి తిప్పింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ ధార వంక చూస్తూ, వెనక్కి తిరగకుండా అడిగింది.

"ఇది పెడితే ఎన్నాళ్ళకి కుదురుకుంటుంది మేడమ్? దసరా సెలవులకైనా..."

సువార్తమ్మగారు అప్పటికే చేట ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ముందు ఆ కుళాయి కట్టెయ్," అంది.